షిఫ్టు డ్యూటీల మధ్య కొత్త భాష: రోజూ చదివే అలవాటు నిలిచేది ఎలా?

రాత్రిడ్యూటీ (కడప) | ఆదివారం, మధ్యాహ్నం 2.15

అందరికీ నమస్కారం. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. జర్మనీ వెళ్ళాలనే ఉద్దేశంతో జర్మన్ నేర్చుకుంటున్నాను. మొదటి రెండు స్థాయిలు ఏ1, ఏ2 అయిపోయాయి, ఇప్పుడు మూడోది బీ1 నడుస్తోంది. వారంలో మూడు సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసు. క్లాసులో కూర్చున్నంతసేపూ అంతా అర్థమవుతుంది. మధ్యలో రెండు రోజులు పుస్తకం తెరవకపోతే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, మా డ్యూటీలు వారానికోసారి మారతాయి. ఒక వారం ఉదయం, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. "రోజూ ఉదయం ఐదింటికి లేచి చదువు" అని అందరూ చెబుతారు. రాత్రి డ్యూటీ వారంలో ఉదయం ఐదింటికి నేను వార్డులో బీపీలు చూస్తుంటాను. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. మా అత్తగారు బాగానే చూసుకుంటారు, కానీ నేను పుస్తకం పట్టుకున్నానంటే చాలు, పాప వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది.

గడియారంతో కుదరనివాళ్ళు అలవాటు ఎలా చేసుకోవాలి? జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ డెర్, డీ, డస్ అని లింగం ఉంటుంది, అది ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు? యాప్‌లను నమ్మవచ్చా?

ఒక విన్నపం. తినగా తినగా వేప తియ్యగా ఉంటుందనే పద్యం మా నాన్నగారు రోజూ వినిపిస్తున్నారు. ఇక్కడ ఎవరూ వేయవద్దు.

గండికోట | ఆదివారం, మధ్యాహ్నం 2.31

ఆ పద్యం లేకుండా రాయలసీమలో చదువు గురించి చర్చా! సరే తల్లీ, నోరు కట్టేసుకున్నాను.

హంద్రీ తీరం (కర్నూలు) | ఆదివారం, మధ్యాహ్నం 3.05

యాప్ తప్పకుండా వాడండి. నేను ఉర్దూ చదవడం, రాయడం నేర్చుకుంటున్నాను. మాట్లాడటం చిన్నప్పటి నుంచి వచ్చు, మా వీధిలో సగం ఇళ్ళలో ఉర్దూయే. లిపి మాత్రం రాదు. యాప్‌లో రోజూ పాఠం చేస్తే నిప్పు గుర్తు వెలుగుతూ ఉంటుంది. ఒక్క రోజు మానితే లెక్క సున్నాకు పడిపోతుంది. ఆ భయమే నన్ను రోజూ కూర్చోబెడుతోంది. 21 రోజులు ఓపిక పడితే ఏదైనా అలవాటైపోతుందని అంటారు కదా.

సందేహాల రాయుడు (అనంతపురం) | ఆదివారం, సాయంత్రం 4.40

ఆ 21 ఎక్కడిదో చెబుతాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో, ఆపరేషన్ అయినవాళ్ళకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశాడు. నోటా నోటా తిరిగేసరికి "కనీసం" రాలిపోయింది, ముఖం సంగతి మాయమైంది, లోకంలోని అలవాట్లన్నీ దాని కిందికి వచ్చాయి.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించింది. ఒక పని తలచుకోకుండానే చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 దాకా అంచనా. అవి కూడా భోజనంతో పండు తినడం, నీళ్ళు తాగడం వంటి పనులు, జర్మన్ వ్యాకరణం కాదు.

అందులో నాకు నచ్చినవి వేరే రెండు సంగతులు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ నిప్పు గుర్తు దీనికి సరిగ్గా వ్యతిరేకం చెబుతుంది, ఒక రోజు తప్పితే సర్వం పోయిందని బెదిరిస్తుంది. రెండోది, అక్కడ పనిని గంటకు కట్టలేదు. టిఫిన్ తర్వాత, భోజనంతో పాటు, ఇలా రోజూ జరిగే ఒక సంఘటనకు కట్టారు. కడప సోదరి అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

హంద్రీ తీరం | ఆదివారం, సాయంత్రం 4.58

బెదిరిస్తే బెదిరించనివ్వండి సార్. నేను రోజూ తెరుస్తున్నానా లేదా?

సందేహాల రాయుడు | ఆదివారం, సాయంత్రం 5.10

తెరుస్తున్నారు. ఉర్దూ పత్రికలో శీర్షిక చదవగలుగుతున్నారా?

హంద్రీ తీరం | ఆదివారం, సాయంత్రం 5.12

విడి అక్షరాలైతే వస్తాయి. పత్రికలో అక్షరం మాటకు మొదట ఉంటే ఒక రూపం, మధ్యలో ఉంటే ఇంకొకటి, చివర వేరొకటి. పైగా ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. యాప్‌లో అంత కష్టం ఉండదు.

సందేహాల రాయుడు | ఆదివారం, సాయంత్రం 5.15

నేను అడగదలచినది అదే. యాప్‌ను తెరిచే అలవాటు మీకు కుదిరింది. ఉర్దూ చదివే అలవాటు ఇంకా కుదరవలసి ఉంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రొద్దుటూరు | ఆదివారం, రాత్రి 9.20

కడప చెల్లీ, నేను ప్రొద్దుటూరు ఆడబిడ్డను, ఇక్కడ ఆసుపత్రిలోనే పని. ఐదింటికి లేవమనేవాళ్ళ మాట వదిలేయండి. వాళ్ళెవరూ వరుసగా నాలుగు రాత్రులు వార్డులో నిలబడినవాళ్ళు కారు.

డ్యూటీ వేళ మారుతుంది గాని, డ్యూటీ లోపల జరిగేవి మారవు. ఏ షిఫ్టు అయినా యూనిఫాం వేసుకుంటారు, పేషెంట్ల వివరాలు తర్వాతి వాళ్ళకు అప్పగిస్తారు, ఇంటికి వచ్చి స్నానం చేస్తారు. చదువును వీటికి కట్టండి. నేను యూనిఫాం వేసుకునే ముందు పది మాటలు చూసేదాన్ని. పాఠం కాదు, పది మాటలే. చీటీలు పెన్ను ఉండే జేబులోనే ఉండేవి. ఇంటికి వచ్చాక స్నానానికి నీళ్ళు పట్టేటప్పుడు ఒక ఆడియో మొదలుపెట్టి, తల తుడుచుకునేదాకా వినడం. ఈ రెండూ అయితే ఆ రోజు చదివినట్టే లెక్క. ఓపిక ఉన్న రోజు ఎక్కువ చదువుకునేదాన్ని, అది వేరే సంగతి. కానీ లెక్కకు ఆ కొంచెం చాలు.

రాత్రి డ్యూటీ వారంలో కొత్త పాఠం ముట్టుకోవద్దు. ఆ వారమంతా పాతవే తిరగేయండి. నిద్రలేని బుర్రకు కొత్త వ్యాకరణం ఎక్కదు, ఎక్కలేదని మీ మీద మీకే కోపం వస్తుంది, ఆ కోపంతో మరుసటి వారం కూడా పుస్తకం తెరవరు. చాలామంది బీ1 దగ్గర ఆగిపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, ఈ కోపమే.

ఇంకొకటి మీ చేతిలోనే ఉంది. షిఫ్టు ముగిశాక అప్పగింతగా చెప్పిందే మెట్లు దిగుతూ మనసులో జర్మన్‌లో చెప్పుకోండి. మూడో బెడ్ పేషెంటుకు నొప్పి ఉంది, రాత్రంతా నిద్రపోలేదు, మందు ఇచ్చాను. నోరు ఎక్కడ ఆగిందో చూడండి. ఆ ఆగిన మాటే రేపటి చీటీ. పుస్తకంలోని పట్టికల్లో విమానాశ్రయాలు, ఏనుగులు ఉంటాయి. మీకు ముందు కావలసినవి సూది, దుప్పటి, వాంతి, తలతిరుగుడు.

లింగం సంగతి. డెర్, డీ, డస్ లేకుండా ఏ నామవాచకాన్నీ రాయవద్దు, పలకవద్దు. అది మాటకు ముందు వచ్చే ముక్క అనుకోవద్దు, మాటలో భాగమే అనుకోండి. కొన్ని ఆనవాళ్ళు పనికొస్తాయి. ఉంగ్, హైట్, కైట్ అని ముగిసే నామవాచకాలకు డీ వస్తుంది. షెన్ అని ముగిసేవి డస్. అందుకే అమ్మాయి అనే అర్థమున్న మేడ్‌షెన్ నపుంసకలింగం. ఇది విని క్లాసులో అందరూ నవ్వుతారు. అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది అని రెండింటికీ ఒకే క్రియ వాడే మనకు నవ్వే హక్కు లేదు! అలాగే ఎందుకంటే అనే అర్థంలో వైల్ వస్తే క్రియ వాక్యం చివరికి వెళ్ళిపోతుంది. ఇంగ్లీషు వాళ్ళు తల పట్టుకునే చోటు అది. మనం పుట్టినప్పటి నుంచి క్రియ కోసం చివరిదాకా ఆగినవాళ్ళమే.

పరీక్ష గురించి కూడా చెబుతాను. గోథె సంస్థ పెట్టే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కోదానిలో నూటికి 60 రావాలి, ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాయవచ్చు. మాట్లాడే భాగంలో సాధారణంగా మీతోపాటు ఇంకో అభ్యర్థి ఉంటారు. ఇద్దరూ కలిసి ఏదో ఒక ఏర్పాటు గురించి మాట్లాడుకోవాలి. ఒంటరిగా గదిలో చదివితే అది రాదు. ఇప్పటి నుంచే జత వెతుక్కోండి. నర్సుగా గుర్తింపు రావడానికి ఇక్కడ చాలా రాష్ట్రాల్లో బీ2 అడుగుతారు. కాబట్టి పరీక్ష రోజుతో ముగిసిపోయే చదువు పెట్టుకోవద్దు.

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 10.05

అక్కా, మీ జవాబు మా అత్తగారికి కూడా చదివి వినిపించాను. మెట్ల మీద అప్పగింత రేపే మొదలుపెడతాను. చీటీలు అన్నారు, అవి ఫోనులోనా, కాగితం మీదా?

బడిపంతులు (కర్నూలు) | సోమవారం, ఉదయం 6.10

కాగితం మీదే అమ్మా. ఫోను తెరిస్తే చీటీ కంటే ముందు పెళ్ళి ఫోటోలు కనబడతాయి.

నా ఉద్యోగమంతా పిల్లలకు ఇంగ్లీషు చెప్పడంలో గడిచింది. ఒక్కో మాటను పదేసి సార్లు రాయించే ఆచారం మన బడుల్లో ఇంకా పోలేదు. మూడోసారి నుంచి పిల్లవాడి బుర్ర గ్రౌండుకు వెళ్ళిపోతుంది, చెయ్యి మాత్రం రాస్తూ ఉంటుంది. దయచేసి మీరు ఆ పని చేయవద్దు.

ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా. మందమైన అట్ట, వెనుకవైపు చాలావాటికి తెల్లగా ఉంటుంది. ఒక్కోదాన్ని ముక్కలు చేయండి. దేవుడి బొమ్మ ఉన్న ముక్కను పక్కన పెట్టండి, లేకపోతే అత్తగారితో మాట పడవలసి వస్తుంది. ఒకవైపు తెలుగు, రెండో వైపు డెర్, డీ, డస్‌తో సహా జర్మన్. చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని అడ్డంగా అట్టలు పెట్టి ఐదు అరలు చేయండి. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు, ఆయన కూడా జర్మన్ భాషలో రాసినవాడే.

కొత్త చీటీ మొదటి అరలో పడుతుంది. వెనక్కి తిప్పకుండా చెప్పగలిగితే రెండో అరకు వెళుతుంది. చెప్పలేకపోతే నాలుగో అర దాకా వెళ్ళిన చీటీ అయినా మళ్ళీ మొదటి అరకే రావాలి. మొదటి అర రోజూ, రెండోది రెండు మూడు రోజులకు, మూడోది వారానికి, ఆపైవి ఇంకా ఆలస్యంగా. వచ్చిన మాట మీ సమయం తినదు, రాని మాట మీ నుంచి తప్పించుకోదు. రాత్రి డ్యూటీ వారంలో మొదటి రెండు అరలు మాత్రం చూడండి.

ఎందుకింత పట్టింపు అంటారా? హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తానే లెక్క రాసుకుని 1885లో అచ్చువేశాడు. మరుపు మొదటి గంటల్లోనే ముంచేస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. క్లాసు అయిన రాత్రే ఒకసారి చీటీలు తిప్పితే దక్కేది, మూడు రోజుల తర్వాత గంటసేపు కూర్చున్నా దక్కదు.

హంద్రీ తీరం | సోమవారం, ఉదయం 7.30

మాస్టారూ, మీరు చెప్పిన డబ్బానే అంకీ పేరుతో కంప్యూటర్‌లో 2006 నుంచి ఉంది, ఇప్పుడు ఫోనులోనూ ఉంది. ఏ చీటీ ఎప్పుడు చూపాలో అదే లెక్కవేస్తుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోనులో మాత్రం డబ్బు కట్టాలి. అందులో నిప్పు గుర్తు కూడా లేదు, రాయుడు గారికి నచ్చుతుంది.

బడిపంతులు | సోమవారం, ఉదయం 7.41

పెళ్ళి ఫోటోలు ఉన్న ఫోనులోనే కదా నాయనా.

సందేహాల రాయుడు | సోమవారం, ఉదయం 8.15

మాస్టారు చెప్పిన "వెనక్కి తిప్పకుండా" అన్న మాటే అసలు కీలకం. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో విద్యార్థులకు ఒక భాగం ఇచ్చి కొందరితో మళ్ళీ మళ్ళీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవాళ్ళు ముందున్నారు. పసుపు రంగు పెన్నుతో గీతలు గీసి చదివేటప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించేది ఆ ఐదు నిమిషాల మాయే.

పెనుకొండ దుబాసి | సోమవారం, మధ్యాహ్నం 1.25

కొంచెం ఎదురు చెప్పాలి. చీటీల మీద నాకు అంత నమ్మకం లేదు.

నేను పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో కొరియన్ దుబాసిని. 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల కొరియన్ భాష వచ్చినవాళ్ళ అవసరం పెరిగింది. కొరియన్ లిపి చాలా తేలిక. సెజోంగ్ రాజు 1443లో చేయించి 1446లో ప్రజలకు ఇచ్చిన లిపి అది, అక్షరం ఆకారమే నాలుక ఎక్కడ ఆనాలో చెబుతుంది. రెండు మూడు రోజులు కూర్చుంటే బోర్డులు చదివేయవచ్చు. అక్కడే చాలామంది మోసపోతారు. లిపి వచ్చినంత వేగంగా భాష కూడా వస్తుందనుకుంటారు, రెండో నెలలో వేగం తగ్గగానే మానేస్తారు.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు కొరియన్ నేర్పడానికి 88 వారాలు, 2200 తరగతి గంటలు లెక్కవేస్తుంది. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ లెక్క. క్రియ చివర రావడం, కు, లో, నుంచి వంటివి మాట వెనుక అతుక్కోవడం, పెద్దవాళ్ళతో ఒక తీరు చిన్నవాళ్ళతో ఒక తీరు మాట్లాడటం, ఇవన్నీ మనకు ఉన్నవే. "అండి" ఎక్కడ తగిలించాలో తెలిసినవాడికి కొరియన్ "యో" ఎక్కడ తగిలించాలో నేర్పనక్కరలేదు. (అమ్మ, అప్పా అనే మాటలు కలిశాయి కాబట్టి కొరియన్ మన భాషలోంచే పుట్టిందని ఫోనుల్లో తిరిగే కథలను మాత్రం దయచేసి ఇక్కడికి తేవద్దు. భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకున్నది కాదు.)

చీటీల మీద నా ఫిర్యాదు ఇది. కొరియన్‌లో అంకెలు రెండు వరుసలు. గంటలకు ఒక వరుస, నిమిషాలకు ఇంకొకటి. రెండింటికీ చీటీలు ఉన్నవాళ్ళు, చీటీ చూపిస్తే టక్కున చెప్పేవాళ్ళు, లైను మీద సూపర్‌వైజర్ "మూడున్నరకు ఆపు" అంటే బిత్తరపోవడం చూశాను. మాట తెలుసు. ఆ వేగంలో చెవికి అందదు, నోటికి రాదు. నా పద్ధతి వేరు. చిన్న సంభాషణ ఆడియో ఒకటి తీసుకుని, మాట్లాడేవాడి వెంటే, అతని మాట ముగియకముందే పైకి పలకడం. ఒకే ముక్క వారమంతా. కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని చేసేవాణ్ణి. మొదట్లో అందరూ తిరిగి చూశారు, తర్వాత వాళ్ళకూ అలవాటైపోయింది.

గండికోట | సోమవారం, మధ్యాహ్నం 1.40

ఆ బస్సులో వాళ్ళకు ఇప్పుడు కొరియన్ వచ్చేసి ఉంటుంది.

బడిపంతులు | సోమవారం, మధ్యాహ్నం 3.00

దుబాసి గారూ, మీరన్నది కాదనను. మాట లేనిదే వాక్యం వెంట పరుగెత్తడం ఎలా? మీకు అప్పటికే మాటలు ఉన్నాయి, అందుకే ఆడియో పనిచేసింది.

పెనుకొండ దుబాసి | సోమవారం, మధ్యాహ్నం 3.22

వాక్యం వెంట పరుగెత్తుతూనే మాటలు దొరికాయి మాస్టారూ. పసిపిల్లలకు ఎవరు చీటీలు రాసిచ్చారు?

బడిపంతులు | సోమవారం, మధ్యాహ్నం 3.30

పసిపిల్లలకు పొద్దున లేచినది మొదలు అదే పని. ఈ అమ్మాయికి ఉన్నది యూనిఫాం వేసుకునే ముందు ఐదు నిమిషాలు.

ఆదోని పత్తి | సోమవారం, రాత్రి 8.50

ఇద్దరూ పెద్దవాళ్ళే, నేను మధ్యలో వస్తున్నాను. నాకు చీటీలూ లేవు, ఆడియోలూ లేవు. పత్తి వ్యాపారం. మార్కెట్‌కు వచ్చేవాళ్ళలో కన్నడం మాట్లాడేవాళ్ళు చాలామంది. తెలుగువాడికి కన్నడం సగం ఉచితంగానే వస్తుంది. మన పకారం అక్కడ చాలా చోట్ల హకారం. పాలు హాలు, పులి హులి, పల్లె హళ్ళి, పండు హణ్ణు. లిపి కూడా ఒకప్పుడు రెండింటికీ ఒకటే, కొద్ది రోజులు బస్సు బోర్డులు చూస్తే చదవడం వస్తుంది.

ఉచితంగా వచ్చే ఆ సగమే ముంచుతుంది. అర్థమవుతోంది కాబట్టి నేర్చుకోనక్కరలేదు అనిపిస్తుంది. ఈ సరిహద్దులో జీవితమంతా కన్నడం విని, అర్థం చేసుకుని, ఒక్క వాక్యం తిరిగి చెప్పనివాళ్ళు ఎందరో. "సాకు" అంటే అక్కడ చాలు అని. బేరంలో అవతలివాడు సాకు అంటే వంక చెబుతున్నాడనుకుని మనవాళ్ళు ఇంకా ధర పెంచుతూ పోతారు!

నేను చేసింది ఒక్కటే. మా గుమాస్తాది సిరుగుప్ప వైపు. పొద్దున కొట్టు తెరిచాక మొదటి లెక్క అతనితో కన్నడంలోనే చూడాలని పెట్టుకున్నాను. లెక్క అయ్యాక మళ్ళీ తెలుగు. అతను కూడా పట్టుబట్టాడు. నేను తెలుగులో అడిగితే వినబడనట్టు కూర్చునేవాడు. నాకు తెలిసి అలవాటు నిలవడానికి ఇంతకంటే గట్టి ఏర్పాటు లేదు, మనం మానేస్తే అవతల ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండాలి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రొద్దుటూరు | సోమవారం, రాత్రి 11.45

ఆదోని అన్న చెప్పిందే నేను జత అన్నది. చెల్లీ, చీటీలా ఆడియోనా అని తేల్చుకునే పని పెట్టుకోవద్దు. జేబులో చీటీలు, స్నానం దగ్గర ఆడియో. ఈ పెద్దలు ఇంకో వారం వాదించుకుంటారు.

గండికోట | మంగళవారం, ఉదయం 9.05

భాషల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మన కడపలో ఉండిన కవి పుట్టపర్తి నారాయణాచార్యుల వారికి 14 భాషలు వచ్చని చెబుతారు. ఆయనకు చెప్పుల డబ్బా ఉండేదా?

బడిపంతులు | మంగళవారం, ఉదయం 9.50

ఆయన చదవడంతో ఆగలేదు, మలయాళం, మరాఠీల నుంచి తెలుగులోకి అనువాదాలు చేశారు. అనువాదానికి కూర్చుంటే ప్రతి మాటనూ పట్టుకుని ఆగవలసిందే, అర్థమైనట్టుంది అని దాటిపోవడం కుదరదు. రోజూ నాలుగు వాక్యాలు అటు నుంచి ఇటు చేయడం మనలాంటి వాళ్ళకూ మంచి సాధనే.

ఉద్యోగం చేస్తూ భాష నేర్చినవాళ్ళకు కడపలో ఇంకా పాత ఉదాహరణ ఉంది. సీ.పీ. బ్రౌన్ 1820లో కలెక్టరు కింద పనికి కడప వచ్చాడు. పగలు సర్కారు పని. తర్వాత తన డబ్బుతో పండితులను పెట్టుకుని ప్రతులు సరిచూయించాడు. వేమన పద్యాల అచ్చు 1829లో, నిఘంటువు 1852లో. మధ్యలో ఎన్నిసార్లు బదిలీ అయ్యాడో చూడండి. ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. డ్యూటీ లేని పూట పాపను అత్తగారికి అప్పగించి అక్కడ కూర్చోవచ్చు. ఒళ్ళోకి ఎవరూ రారు.

హంద్రీ గారూ, మీకూ ఒక మాట. మన కర్నూలు పాతబస్తీలో తెలుగు, ఉర్దూ రెండూ రాసిన దుకాణాల బోర్డులు ఇంకా ఉన్నాయి. ముందు ఉర్దూ చదివి, తర్వాత తెలుగు చూసి సరిచూసుకోండి. మన ఊళ్ళోనే అబ్దుల్ హక్ గారి పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థి ఎవరైనా వారానికి ఒక గంట కూర్చుంటే ఏటవాలు రాత మీకు లొంగుతుంది.

హంద్రీ తీరం | మంగళవారం, ఉదయం 10.20

బోర్డుల ఆలోచన బాగుంది మాస్టారూ. నిప్పు గుర్తు మాత్రం ఆరనివ్వను.

రాత్రిడ్యూటీ | శుక్రవారం, మధ్యాహ్నం 2.40

ఈ వారం మధ్యాహ్నం డ్యూటీ. ఇప్పుడే వచ్చాను, యూనిఫాం వేసుకోబోయే ముందు రాస్తున్నాను. మా ఆడపడుచు పెళ్ళి శుభలేఖలు మిగిలినవన్నీ చీటీలయ్యాయి. మెట్ల మీద అప్పగింతలో మొదటి రోజే నోరు ఆగిపోయింది. "వాపు" అనే మాట రాలేదు. పుస్తకంలో ఏ పాఠంలోనూ లేదు. ష్వెల్లుంగ్ అని వెతికి రాసుకున్నాను. ఉంగ్‌తో ముగిసింది కాబట్టి డీ అని చూడకుండానే తెలిసింది.

పాప సంగతి కూడా చెబుతాను. చీటీ తీసే పని దానికే ఇచ్చాను. అది తెలుగు వైపు చూపిస్తుంది, నేను జర్మన్ చెప్పాలి. చదవడం రాకపోయినా, నేను ఆలోచిస్తూ ఆగితే "అమ్మకు రాలేదు" అని మొదటి అరలో వేసేస్తుంది. మాస్టారి కంటే కఠినం.

ఇక మిగిలింది జత. మా క్లాసులోని వాళ్ళంతా సాయంత్రాలు ఖాళీగా ఉండేవాళ్ళు, నా వేళలు ఎవరికీ కుదరడం లేదు.

తాడిపత్రి నుంచి | శుక్రవారం, సాయంత్రం 6.30

చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడే చేరాను. నాదీ బీ1, నేనూ నర్సునే, అనంతపురంలో పని. మా బంధువుల అమ్మాయి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ విదేశీ భాషల బడిలో చదివింది, ఆమెను చూసే నేను మొదలుపెట్టాను. నాకూ షిఫ్టులే. ఇద్దరి డ్యూటీ పట్టికలు ఒకరికొకరు పంపుకుంటే ఏ వారం ఏ వేళ కలుస్తుందో చూసుకోవచ్చు. వారానికి రెండుసార్లు, అరగంట, ఫోనులో జర్మన్‌లోనే. తెలుగులో అడిగితే ఆదోని అన్న గుమాస్తాలాగా వినబడనట్టు ఉంటాను.

రాత్రిడ్యూటీ | శుక్రవారం, రాత్రి 11.10

ఒప్పుకున్నాను. వచ్చే వారం నాకు రాత్రి డ్యూటీ, తొమ్మిదింటికి మొదలు. మంగళవారం, గురువారం సాయంత్రం ఏడున్నరకు ఖాళీ. మొదటి అంశం నేనే చెబుతాను, వార్డులో వీడ్కోలు విందుకు ఏర్పాట్లు. పరీక్షలో అలాంటిదే అడుగుతారని మా టీచరు చెప్పారు. మీ పట్టిక ఇక్కడ పెట్టకండి, వ్యక్తిగత సందేశంలో పంపండి.

తాడిపత్రి నుంచి | శుక్రవారం, రాత్రి 11.18

పంపాను. గురువారం నాకు మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి దాకా రాలేను. మంగళవారం ఏడున్నరకు ఖాయం. రెండోది శనివారం చూద్దాం.